అగ్గిపుల్లకీ పట్టీకీ పడిన తగవు

కోవిల్‌పట్టి చుట్టూ నల్లరేగడి నేల. వాన పడితే కాలికి అంటుకుని వదలదు, ఎండితే పాదం దిగబడేంత నెర్రెలు విచ్చుతుంది. పత్తి, మినుము పండిన ఏడు పండుతాయి, ఎండిన ఏడు ఎండుతాయి. ఏడాది పొడుగునా కూడు పెట్టేది అగ్గిపెట్టెల పని. ఆ చుట్టుపక్కల ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే నాయకర్లు, రెడ్డియార్ల పల్లెలు చాలానే ఉన్నాయి. కరిసల్ (నల్లరేగడి) సీమ కథకుడు కి. రాజనారాయణన్ పుట్టిన ఇడైసేవల్ అలాంటిదే. అట్లాంటి ఒక పల్లెలో, ఒక అవ్వ అరుగు మీద జరిగిందనుకోండి ఈ కథ. అగ్గిపెట్టెలు ఎడ్లబండి మీద విరుదునగర్‌కి వెళ్ళే కాలం అది.

అవ్వ చాప పరుచుకుని పెట్టెల్లో పుల్లలు నింపుతూ ఉండేది. ఆమె వేళ్ళకి లెక్క అవసరం లేదు. గుప్పెట్లోకి తీస్తే యాభైకి ఒకటో రెండో అటూఇటూ. పక్కన కోడలు పెట్టెల అంచులకి గోధుమరంగు మందు పూసి నీడలో ఆరబెట్టేది. ఆ పూతే పట్టీ. రాత్రి ఇద్దరూ లోపలికి పోయాక పుల్లలకి నోళ్ళు లేచాయి.

"ఒక్కో పెట్టెలో యాభైమందిమి ఉన్నాం," అంది ఒక పుల్ల. "నిప్పు మా తలల్లో ఉంది. జనం డబ్బిచ్చి కొనేది మమ్మల్ని. ఈ పట్టీ ఎవరంట? దీన్ని ఎవరు కోరుకున్నారు?"

"నేనెవర్నీ ఆపను నాయనా," అంది పట్టీ. "నా ఒంటి మీదుగా ఒక్కసారి పొమ్మంటాను. అంతే."

"పోయినప్పుడల్లా మా తలలు రాచుకుపోతున్నాయి. కొందరికి మందే ఊడిపోతోంది."

"ఊడేది సరిగ్గా అంటని మందే. నా దగ్గర ఊడితే చాప మీద పడుతుంది. పొయ్యి దగ్గర ఊడితే చీర మీద పడుతుంది. ఏది మేలో మీరే చెప్పండి."

పుల్లలకి ఆ మాట నచ్చలేదు. తెల్లారేసరికి తీర్మానం అయిపోయింది, పట్టీ వద్దని. కానీ గీసుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా! అందుకని మందు కలిపే మేస్త్రి దగ్గరికి వెళ్ళి, "పట్టీకి పూసే పొడి మా తల మందులోనే కలిపెయ్యి. అప్పుడు మాకు ఎవరి గడపా తొక్కే పని ఉండదు," అన్నాయి. మేస్త్రి తలపండినవాడు. "పుల్ల మందూ పట్టీ పొడీ ఒక గిన్నెలో చేరకూడదని మా గురువు నా చేత ఒట్టు వేయించుకున్నాడు," అని గిన్నె బోర్లించాడు. పుల్లలు ఊరుకోలేదు. మేస్త్రి భోజనానికి వెళ్ళే వేళ చూసి, కొత్తగా చేరిన కుర్రాణ్ణి పట్టుకున్నాయి. కుర్రాడికి ఉత్సాహం ఎక్కువ. పైగా పట్టీ పూసే కూలీ మిగులుతుందని యజమాని కూడా సరే అన్నాడు.

పట్టీ లేని పెట్టెలు బండికెక్కాయి. విరుదునగర్‌లో పప్పులూ నూనెలూ అమ్మే వ్యాపారి ఒకాయన మూటలు మూటలుగా చెప్పి ఉంచాడు. పుల్లల సంబరం ఇంతా అంతా కాదు. "చూశారా, ఒక్క మాట మీద ఉంటే ఎంత తొందరగా పనవుతుందో!" అని దారి పొడుగునా పాటలు.

సాత్తూరు దాటాక బండి చక్రం ఒక గుంతలో పడింది. పెద్ద గుంత కూడా కాదు, రోజూ పడేదే. ఆ కుదుపుకి ఒక పుల్ల పక్కదాన్ని రాచుకుంది. పక్కది దాని పక్కదాన్ని రాచుకుంది. బండివాడు కాడి విప్పి ఎడ్లని తోలుకోవడానికి మాత్రమే వ్యవధి దొరికింది. వెనక్కి తిరిగి చూస్తే బండి లేదు, మంట ఉంది.

వ్యాపారి కబురు విని, "ఎవర్రా గీసింది?" అని అడిగాడు.

"ఎవరూ గీయలేదయ్యా. దారే గీసింది."

మరుసటి వారం మళ్ళీ పాత పద్ధతే. ఈసారి గర్వం పట్టీకి ఎక్కింది. "నేను లేకపోతే ఏమవుతుందో సాత్తూరు దారిని అడగండి," అని పుల్లల్ని చిన్నచూపు చూడటం మొదలుపెట్టింది. విరుదునగర్ చేరేసరికి కార్తీక మాసం, ముసురు. వ్యాపారి భార్య చంటిపిల్లకి పాలు కాచడానికి పెట్టె అందుకుంది. పట్టీకి తేమ ఒక వంక దొరికింది. "ఇవాళ నాకు మనసు లేదు," అని మెత్తబడి కూచుంది. ఆమె ఒకసారి గీసింది, అంటుకోలేదు. కాసేపు ఆగి ఇంకోసారి గీసింది. లోపల పిల్ల ఏడుపు పెరుగుతోంది. మూడోసారి గీయలేదు. పెట్టె తిప్పి అవతలి అంచు మీద గీసింది. భగ్గున వెలిగింది.

"నీలో నిప్పు లేదే తల్లీ," అంది ఆవిడ పట్టీతో, పాలగిన్నె పొయ్యి మీద పెడుతూ. "వెలిగేది వెలగదగిందా కాదా చూడమని నిన్ను పెట్టాం. వెలగనిస్తావా లేదా అని నిన్ను బతిమాలడానికి కాదు."

కథ ఇంతే. నీతి ఏమిటంటే, నిప్పు ఒకచోట, రాపిడి ఇంకోచోట ఉండాలి. రెండూ ఒకే తలలో చేరితే దారిలో గుంత చాలు, కొంప అంటుకుంటుంది. రాపిడి నిప్పు తనదే అనుకుంటే ఇంట్లోవాళ్ళు పెట్టె తిప్పుతారు. సేఫ్టీ అగ్గిపెట్టెలో క్లోరేటు పుల్ల తలలో, ఎర్ర భాస్వరం పెట్టె అంచు మీద విడివిడిగా ఉండటానికి కారణం ఇదే. రెండు సభల శాసన వ్యవస్థని కట్టినవాళ్ళు ఆలోచించిందీ దాదాపు ఇదే. లోక్‌సభ అయిదేళ్ళకోసారి అయిపోతుంది. రాజ్యసభ ఎన్నడూ రద్దు కాదు, రెండేళ్ళకోసారి మూడో వంతు సభ్యులు దిగిపోతూ కొంచెం కొంచెంగా అరుగుతుంది. పోలికని ఇంతకన్నా లాగితే పుల్ల విరుగుతుంది కనక అసలు సంగతికి వస్తాను.

కోవిల్‌పట్టి అగ్గిపెట్టె తమిళనాడులోనే అమ్ముడైపోదు. లారీ ఎక్కి రాష్ట్రాలు దాటి పోతుంది. అందుకే జీఎస్టీ బిల్లు కథ ఆ ఊరికి సొంత కథ. 2014 డిసెంబర్ 19న రాజ్యాంగ 122వ సవరణ బిల్లుగా అది లోక్‌సభలో ప్రవేశించింది. ప్రవేశపెట్టడమే మొదటి పఠనం, అప్పుడు పెద్దగా చర్చ ఉండదు. రెండో పఠనంలో క్లాజు తర్వాత క్లాజు విప్పి చూస్తారు, సవరణలు అక్కడే వస్తాయి. మూడో పఠనంలో బిల్లు మొత్తానికి ఓటు. 2015 మే 6న లోక్‌సభ ఈ మెట్లన్నీ ఎక్కించి పంపించింది. అందులో ఒక క్లాజు ఉండేది: రాష్ట్రం దాటే సరుకు మీద రెండేళ్ళపాటు 1 శాతం దాకా అదనపు పన్ను, అది సరుకు బయలుదేరిన రాష్ట్రానికి చెందుతుంది. తయారీ రాష్ట్రాలకి ఇది తీపి. కానీ పన్ను మీద పన్ను పోగొట్టడానికి తెస్తున్న చట్టంలోనే సరిహద్దు దగ్గర మళ్ళీ ఒక పన్ను నిలబడటం! సరిహద్దు దాటిన ప్రతిసారీ పడే ఆ ఒక్క శాతం చివరికి వచ్చి చేరేది విజయవాడలో పెట్టె కొనేవాడి నెత్తి మీదకే.

రాజ్యసభలో అప్పటి ప్రభుత్వానికి మెజారిటీ లేదు. బిల్లు 2015 మేలో సెలెక్ట్ కమిటీకి వెళ్ళింది, జూలైలో నివేదిక వచ్చింది, ఆ తర్వాత ఏడాది పాటు రాపిడి. రాజ్యసభ అడ్డుపడుతోందని పత్రికలు తిట్టని వారం లేదు. చివరికి 2016 ఆగస్టు 3న 203 ఓట్లతో, ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా బిల్లు పాసైంది. అన్నా డీఎంకే మాత్రం వాకౌట్ చేసింది. కానీ పాసైన బిల్లు లోపలికి వెళ్ళిన బిల్లు కాదు. 1 శాతం పన్ను ఊడిపోయింది. రాష్ట్రాల నష్టానికి కేంద్రం పరిహారం ఇవ్వవచ్చు, అదీ అయిదేళ్ళ దాకా అన్న చోట, అయిదేళ్ళూ ఇచ్చి తీరాలి అని గట్టిపడింది. ఒక సభ మార్చిన దాన్ని రెండో సభ మళ్ళీ ఒప్పుకోవాలి కనక బిల్లు వెనక్కి వెళ్ళింది. ఆగస్టు 8న లోక్‌సభ 443 ఓట్లతో ఒప్పుకుంది. సాధారణ బిల్లయితే అక్కడి నుంచి నేరుగా రాష్ట్రపతి దగ్గరికే. ఇది సమాఖ్య లెక్కల్ని కదిపే రాజ్యాంగ సవరణ కనక సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ఒప్పుకోవాలి. అస్సాం ముందు ఒప్పుకుంది. సెప్టెంబర్ 8న ప్రణబ్ ముఖర్జీ సంతకం పడింది, 2017 జూలై 1న పన్ను అమల్లోకి వచ్చింది. చేతి అగ్గిపెట్టెకి 5 శాతం, మిగతా వాటికి 18 శాతం అని మొదలై, 2020 ఏప్రిల్ 1 నుంచి అన్నిటికీ 12 శాతం అయింది. ఆ రేట్ల మీద కోవిల్‌పట్టిలో అప్పట్లో ఎవరి గొణుగుడు వాళ్ళకుండేది. అయితే ఆ రేట్లు ఏ సభలోనూ పుట్టలేదు. వాటిని తేల్చింది జీఎస్టీ కౌన్సిల్.

నా లెక్కలో పట్టీ పని చేయడమంటే అది. ఏడాది ఆలస్యం అయింది, నిజమే. ఆ ఏడాదిలో ఊడినది ఊడాల్సిన మందే.

పట్టీ తనంత తాను వెలిగించలేదనడానికి విరుదునగర్‌లోనే సాక్ష్యం ఉంది. మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టాలన్నది ముఖ్యమైన కోరికగా శంకరలింగనార్ 1956 జూలై 27న అక్కడ నిరాహార దీక్షకి కూర్చున్నాడు. అక్టోబర్ 13న ప్రాణం విడిచాడు. అప్పటి ముఖ్యమంత్రి కామరాజ్‌దీ అదే ఊరు. మన పొట్టి శ్రీరాములు పోయి అప్పటికి నాలుగేళ్ళు కాలేదు కనక తెలుగు పాఠకుడికి వేరే వివరణ అక్కర్లేదు. 1961లో కమ్యూనిస్టు సభ్యుడు భూపేశ్ గుప్తా ఆ పేరు కోసం రాజ్యసభలో బిల్లు పెట్టాడు, నెగ్గలేదు. సభలో మంచి మాటలు దొరికాయి గానీ వెనక ప్రభుత్వం లేదు. 1967లో మద్రాసులో ప్రభుత్వం మారింది. జూలై 18న అసెంబ్లీ తీర్మానం చేసింది. 1968లో పార్లమెంటు ఉభయసభలూ చట్టం చేశాయి. 1969 జనవరి 14న పేరు మారింది.

ఇక పెట్టె తిప్పడం సంగతి. పార్లమెంటులో రెండు సభలకీ పొసగకపోతే రాష్ట్రపతి సంయుక్త సమావేశం పిలవవచ్చు. అక్కడ తలల లెక్క కనక పెద్ద సభదే పైచేయి. ఇంతవరకూ మూడు చట్టాలకే ఆ అవసరం పడింది. మొదటిది వరకట్న నిషేధ బిల్లు, 1961 మేలో. ఆ సమావేశానికి అధ్యక్షత వహించింది మన తిరుచానూరులో పుట్టిన స్పీకర్ మాడభూషి అనంతశయనం అయ్యంగార్. మిగతావి 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు, 2002లో ఉగ్రవాద నిరోధక చట్టం పోటా. రాజ్యాంగ సవరణకి ఈ దారి లేదు. అందుకే జీఎస్టీకి ఏడాది ఓర్పు పట్టక తప్పలేదు. ద్రవ్య బిల్లుకి ఈ దారి అవసరమే లేదు. రాజ్యసభ దాన్ని 14 రోజులు ఉంచుకోవచ్చు, సలహా చెప్పవచ్చు, అంతే. ఏది ద్రవ్య బిల్లో తేల్చేది లోక్‌సభ స్పీకర్. 2016లో ఆధార్ బిల్లు ఆ ముద్రతోనే వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభలో ఉన్న జైరాం రమేశ్ తెచ్చిన సవరణలు అక్కడ నెగ్గాయి. లోక్‌సభ అదే రోజు వాటిని తోసిపుచ్చింది. పట్టీకి తగలకుండా పుల్ల వెలిగించే ఉపాయం ఇంతకన్నా ఇంకేం కావాలి!

రాష్ట్రాల్లో సంయుక్త సమావేశం కూడా లేదు. శాసనమండలి ఒక బిల్లుని మూడు నెలలు ఆపగలదు. అసెంబ్లీ మళ్ళీ పాస్ చేసి పంపితే ఇంకో నెల. ఆ తర్వాత మండలి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా పాసైనట్టే. 2020 జనవరి 20న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ మూడు రాజధానుల బిల్లు పాస్ చేసింది. 22న మండలి చైర్మన్ షరీఫ్ తన విచక్షణాధికారంతో సెలెక్ట్ కమిటీకి పంపుతున్నానన్నారు. 27న అసెంబ్లీ ఏకంగా మండలినే రద్దు చేయాలని తీర్మానించింది. జూన్‌లో బిల్లు మళ్ళీ పాసైంది, మండలి దాన్ని చేపట్టకుండానే వాయిదా పడింది, నెల గడిచింది, జూలై 31న గవర్నర్ సంతకం పెట్టారు. 2021 నవంబర్ 22న ప్రభుత్వమే ఆ చట్టాన్ని వెనక్కి తీసుకుంది, మర్నాడు మండలి రద్దు తీర్మానాన్నీ వెనక్కి తీసుకుంది. ఇందులో పట్టీ బింకమూ ఉంది, పుల్లల తొందరా ఉంది. ఆ సెలెక్ట్ కమిటీ ఒక్కసారైనా కూచుని బిల్లుని విప్పి ఉంటే ఎవరికి నష్టం జరిగేదో ఇప్పటికీ నాకు బోధపడదు.

రాచుకున్నట్టు కనపడి రాచుకోని సందర్భం ఇంకొకటి ఉంది, అదీ మనదే. 2014 ఫిబ్రవరి 18న తలుపులు మూసి, ప్రసారం ఆగిపోయిన లోక్‌సభలో రాష్ట్ర విభజన బిల్లు పాసైంది. 20న రాజ్యసభకి వచ్చింది. వెంకయ్యనాయుడు సవరణలు అడిగారు. ఒక్క అక్షరం మారినా బిల్లు మళ్ళీ లోక్‌సభకి వెళ్ళాలి. ఆ లోక్‌సభ సమావేశాలకి మిగిలింది ఒక్క రోజు. సభ రద్దయితే బిల్లూ దానితోపాటే పోతుంది. అందుకని ప్రధాని మన్మోహన్ సింగ్ లేచి అయిదేళ్ళ ప్రత్యేక హోదా ఇస్తామని సభలో మాట ఇచ్చారు, బిల్లు ఉన్నది ఉన్నట్టే పాసైంది. మాట సభా కార్యకలాపాల పుస్తకంలోకి ఎక్కింది, చట్టంలోకి ఎక్కలేదు. ఆ తేడా విలువ ఎంతో పదమూడు జిల్లాల వాళ్ళకి తర్వాత తెలిసింది.

కథకి ఒక హద్దుంది, దాచను. కోవిల్‌పట్టి, విరుదునగర్ ఉన్న తమిళనాడుకి 1986 నవంబర్ 1 నుంచి శాసనమండలి లేదు. ఎంజీఆర్ హయాంలో పోయింది. 2010లో కరుణానిధి పట్టుపట్టి పార్లమెంటులో పునరుద్ధరణ చట్టం దాకా తెచ్చుకున్నారు, 2011లో జయలలిత వచ్చి వద్దన్నారు. ఒక్క సభతోనే ఇన్నేళ్ళూ బండి నడిచింది, రోజూ అంటుకోలేదు. మండలి ఉన్న రాష్ట్రాలు మేలని కొలిచి చూపించడం కష్టం. ఓడిపోయిన నాయకులకి కుర్చీలు వెయ్యడానికే మండళ్ళు అనేవాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. అవ్వ పెట్టెలో పట్టీ ఉన్నంత మాత్రాన అది పొడిగా ఉందని అర్థం కాదు.

కానీ రాపిడి సభ లోపల దొరక్కపోతే బయట వెతుక్కోవాలి. 2023 ఏప్రిల్ 21న తమిళనాడు అసెంబ్లీ ఫ్యాక్టరీల చట్టానికి ఒక సవరణ బిల్లుని మూజువాణి ఓటుతో పాస్ చేసింది. రోజుకి పన్నెండు గంటల దాకా పని చేయించుకునే వెసులుబాటు ఫ్యాక్టరీలకి ఇవ్వడం దాని సారం. అధికార పార్టీ మిత్రపక్షాలే సభలోంచి లేచి వెళ్ళిపోయాయి. సభ ముగిసింది. ఆ బిల్లుని ఇంకోసారి విప్పి చూడడానికి పైన ఇంకో గది లేదు, కార్మిక సంఘాలు మాత్రం ఉన్నాయి. సమ్మె చేస్తామన్నాయి. ఏప్రిల్ 24న ముఖ్యమంత్రి స్టాలిన్ అమలు ఆపుతున్నామన్నారు. మే 1న, కార్మిక దినోత్సవ వేదిక మీద, వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటించారు. సభలో పాసై అప్పటికి సరిగ్గా పది రోజులు. కోవిల్‌పట్టిలో చట్రాలకి పుల్లలు పేర్చేవాళ్ళ పని గంటలు అంతకు ముందు ఎన్నో, ఆ తర్వాతా అన్నే.